సరిపోలలేదు

ముప్పైరెండు పేజీల్లో ఒక్కచోట
పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి పంపినారు.
అక్కడ సంతకం చేసినాను.
కట్ట మొత్తం తిరిగొచ్చింది:
"పాలసీ తీసుకున్ననాటి సంతకంతో సరిపోలలేదు."

సరిపోలదు సార్.
ఆనాటి దొరస్వామి చిత్తూరు మామిడి మండీలో గుమస్తా.
బెంగుళూరా లోడు దిగుతా ఉంటే
కాటా ముల్లు నిలవకముందే చీటీ రాసి చింపేవాడు.
'మి' చివర వాడు లాగే తోకను చూసి
కాజూరు రైతులు కాయ తొడిమ అనేవాళ్ళు.

జనవరి చివర, ఒక తెల్లవారి,
కాళ్ళలో మొదలైన తిమ్మిరి
మూడు రోజుల్లో గొంతుదాకా పాకింది.
వేలూరులో పందొమ్మిది రోజులు
నా ఊపిరి మిషను తీసింది.
దానికి రోజుకింత అని బిల్లుంది,
బిల్లు కింద ధనకోటి సంతకముంది.
దాన్ని మాత్రం ఎవరూ పోల్చి చూడలేదు.

ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల గొంతు, తీయగా:
తెలుగు కోసం నాలుగు నొక్కండి.
నా బొటనవేలు బయల్దేరుతుంది.
నాలుగు దగ్గరికి చేరేలోపల
"మీ నుంచి సమాధానం రాలేదు, ధన్యవాదాలు."
ఒకరోజు ధనకోటి నొక్కింది. మనిషి దొరికినాడు.
తిమ్మిర్లు ముందునుంచీ ఉన్నాయా, అన్నాడు.
పొద్దస్తమానం మండీలో బాసింపట్టు వేసుకొని కూర్చుంటే
ఎవరికి పట్టవు నాయనా, అన్నాను.
టకటకమని అదే కొట్టుకున్నట్టున్నాడు.

గాంధీ రోడ్డు ఆఫీసులో కుర్రోడు మంచోడే.
"వేలిముద్ర వేసేయండి పెదనాయనా,
ఇద్దరు సాక్షులుంటే చాలు."
స్టాంపు ప్యాడు మూత కూడా తీసినాడు.
ఆ సిరా వాసనకి మా అమ్మ గుర్తొచ్చింది.
మండీ చీటీ మీద ఆమె వేలు పెట్టినప్పుడల్లా
గంపకి రెండు కాయలు తరుగు.
నేను పలక పట్టింది అందుకే.
ఆ మాట చెప్పలేదు. రేపొస్తానన్నాను.

ఆ రేపు దాటి పదకొండు రోజులు.
కమ్మలు కుదవలో ఉన్నాయి,
ధనకోటి చెవులకి చీపురుపుల్లలున్నాయి.

పిసకమన్న రబ్బరు బంతి నూటఎనభై.
ఆమె రాలిన పిందె ఒకటి తెచ్చి అరచేతిలో పెట్టింది.
మొదట జారింది. ఇప్పుడు నిలుస్తోంది.

రాత్రుళ్ళు పాత చీటీల వెనక రాస్తున్నాను.
'దొ' నిలబడుతోంది. 'స్వా' దగ్గర చెయ్యి
మొగిలి ఘాట్‌లో లోడు లారీ మాదిరి వెనక్కి జారుతుంది.
నిన్న పద్నాలుగో చీటీలో 'మి'కి తోకొచ్చింది.
తొడిమ కాదు. పురుగు నడిచిన దారి.

ధనకోటిని లేపి చూపించినాను.
పాలసీ కాగితం తీసి పక్కన పెట్టి
రెంటినీ శానాసేపు చూసింది.
పాతదాని మీద వేలు పెట్టి,
"ఈయప్పెవురో టెక్కు మనిషి మాదిరుండాడే" అనింది.
లైటార్పేసింది.