మేస్త్రీ

తాళ్ళరేవు ఒడ్డున సగం కట్టిన పడవ
పక్కటెముకలు బయటపెట్టుకుని ఉంది.
నార్వే నుంచి వచ్చిన ఇంగ్వాల్
బాడిసె చప్పుడు ఆగేదాకా ఆగి
"మెస్టర్" అన్నాడు, తనలో తాను.

చెవి మీద పెన్సిలుతో
సంగాడి ఏసుబాబు వెనక్కి తిరిగాడు:
"ఏంటండీ?"
పిలిచారనుకున్నాడు.

మధ్యలో నేను, మాటలు మోసేవాణ్ణి.
చెప్పాను:
రోమువాళ్ళ నోట ఒకటే మాట.
ఒక పాయ ఉత్తరాన మంచులోకి పోయింది,
ఒక పాయ పోర్చుగీసు ఓడ ఎక్కి
ఉప్పుగాలికి ఒరుసుకుని
చివర్న ఓ దీర్ఘం తగిలించుకుని
మన మడచెట్ల పక్కన దిగింది.
ధవళేశ్వరం దిగువన విడిపోయిన నీళ్ళు
సముద్రంలో తప్ప కలవవు.
ఇవాళ ఎందుకో, రంపపు పొట్టులో కలిశాయి.

"మొదట్లో దానర్థం 'ఎక్కువ' అట.
అందరికన్నా ఎక్కువైనవాడు."

పలకల సందుల్లో పత్తి కూరుతూ ఏసుబాబు,
"ఆ ఎక్కువేదో దార్లో జారిపోయుంటదండి.
కూలిలో ఎప్పుడూ కనపళ్ళేదు."

అదీ తర్జుమా చేశాను.
ఇంగ్వాల్ నవ్వలేదు.
వాళ్ళ నాన్నదీ ఇదే పనట.
చిన్నప్పుడు రంపం కొరికిన తన వేలు చూపించాడు.
ఏసుబాబు ఉలి కింద పెట్టి
తన బొటనవేలు చూపించాడు.

దానికి నాతో పని పడలేదు.
చొక్కా మీది పొట్టు దులుపుకుంటూ నిలబడ్డాను.