ఆఖరి లాకు

కాలవ కట్టేశారు.
అడుగున నెర్రెలిచ్చిన బురదలో
కొంగ కూడా కాలు పెట్టి తీసేసుకుంటోంది.
నర్సాపురం దిగువన, ఉప్పు తగిలే ఆఖరి లాకు ఇది.
ఇరవై రెండేళ్లుగా దీనికి లష్కర్ని నేను.
తలుపుని ఒంటి మీద నీళ్లు లేకుండా
ఏడాదికి ఓ నెలే చూస్తాను,
చూసినప్పుడల్లా కొత్త పొక్కులు.

ఇన్నాళ్లూ దీనికి వైద్యం అబ్బులు చేశాడు.
మొదట చిప్పింగు సుత్తి, తర్వాత తీగల బ్రష్షు,
ఆ తర్వాత కంప్రెసరు తెచ్చి ఇసుక కొట్టే పని.
తువ్వాలు ముక్కుకి చుట్టుకుని దిగేవాడు,
మధ్యాహ్నానికి పిండిమరలోంచి వచ్చినట్టు వచ్చేవాడు.
తలుపు నునుపెక్కేది.
ఇసుక సగం కాలవలో పడేది.
మిగతా సగం ఎక్కడ పడిందో
కాకినాడ పెద్దాసుపత్రిలో ఎక్సరే ఎత్తి చూపించారు.

ఈ ఏడాది ఇసుక లేదు.
వ్యానులో ఓ పెట్టె, పెట్టెకి మెలికలు తిరిగిన గొట్టం,
గొట్టం చివర తుపాకీ లాంటిదొకటి,
దాన్ని పట్టుకుని బేబీ సరోజిని.
పాలకొల్లు పిల్ల. తణుకు వైపు ఏదో పంచదార మిల్లులో
రోలర్ల మీద చెయ్యి తిరిగిందట.
అందరికీ నల్లద్దాలు పంచింది,
పేరంటంలో తాంబూలం ఇచ్చినంత శ్రద్ధగా.
తాడు కట్టి, "దీని లోపలికి ఎవరూ రాకండి" అంది.

లేజరంటే సినిమాలో లాగా ఎర్రటి గీత వస్తుందనుకున్నాను.
ఏమీ రాలేదు.
వెలుతురు ఉందట, కంటికి ఆనదట.
తుప్పుకి తగిలిన చోట మాత్రం
పోపులో ఆవాల చిటపట,
తెల్లని నిప్పు నాలుక, కాస్త పొగ.
ఆ పొగనీ పక్క గొట్టం పీల్చేసుకుంది.
కాలవలో చిటికెడైనా రాలలేదు.

"ఇనుముని ఎందుకు తినదమ్మా?" అడిగాడు అబ్బులు
తాడు ఇవతల ప్లాస్టిక్ కుర్చీలోంచి, మాటకీ మాటకీ మధ్య ఆగి.
"తుప్పు దాన్ని తాగేద్దండి, ఇనుం తిప్పికొట్టేద్ది.
సరిగ్గా పెట్టుకుంటే మురికి దాకా ఎల్లి ఆగిపోద్ది."
అబ్బులు చొక్కా పై గుండీ విప్పాడు.
"అయితే ఓసారి ఇటు తిప్పు."
మేమంతా నవ్వాం. ఆ పిల్ల నవ్వలేదు.
"మనిషైతే ఎక్కడ ఆగాలో తెలీదండి దానికి.
కుర్చీ ఇంకో గజం ఎనక్కి జరుపుకోండి."

ఆకుపచ్చ పోయింది, అది మొన్నటి కాంట్రాక్టరుది.
దాని కింద బూడిదరంగు. దాని కింద తారు.
తారు కింద ఎర్రరంగు, అబ్బులు చేత్తో పూసిందే,
కుంచె వెంట్రుక ఒకటి అందులో అంటుకుపోయి ఉంది.
అదీ చిటుక్కుమంది.
అన్నిటి కిందా, రివెట్ల వరస పక్కన,
ఉలితో కొట్టిన అడ్డగీత.
పేరు లేదు, తారీఖు లేదు.
అబ్బులు లేచి నిలబడ్డాడు.
"ఎనబై ఆరు వరద. నీళ్లు దిగాక మా నాన్న కొట్టాడు.
నేను కేరేజీ పట్టుకొచ్చి గట్టు మీద కూచున్నాను."
గీత ఇనుములోకి దిగిపోయి ఉంది.
వెలుతురు దాని సందులో మట్టి కూడా ఊడ్చి
గీతని అక్కడే వదిలేసింది.

సాయంత్రం ఫిల్టరు విప్పితే
రెండు గుప్పెళ్ల గోధుమరంగు పొడి. అంతే.
నేను వేలు పెట్టబోతే
"సీసం ఉంటదండి అందులో" అని సంచి మూతి కట్టేసింది.

తలుపు కొత్త రూపాయి బిళ్లలా ఉంది.
నేను దాన్నే చూస్తున్నాను. అబ్బులు తాడిచెట్ల పైకి చూస్తున్నాడు.
మొగ వైపు నుంచి గాలి తిరిగింది,
పెదాల మీద ఉప్పు తెలుస్తోంది.
"రాత్రికి మంచు పడిందంటే తెల్లారేసరికి ఎర్రబడిపోద్ది"
అంటూ ప్రైమరు డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపాడు.
వాసన పడదు నీకు, అన్నాను. వినలేదు.
సరోజిని తాడు విప్పింది.
ఆ వారన ఆయన, ఈ వారన నేను.
గీత దగ్గరికొచ్చాక
కుంచె కాసేపు గాల్లో ఆగింది, ఓ చుక్క బురదలో పడింది.
తర్వాత దాని మీదా పూశాడు,
సందులోకి దిగేలా రెండుసార్లు.
పూయకపోతే
తుప్పు అక్కణ్నించే మొదలవుతుంది.