చెవి దగ్గర

రోహిణి కార్తె. బిక్కవోలు దగ్గర షెడ్డు.
కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి.
ఈ వారం పెంకు పలచన.

పల్లాలమ్మ రెండు గుడ్లు తీసి
చెవి దగ్గర ఒకదానికొకటి తాకిస్తుంది, మెల్లగా.
గట్టిది కంచు గిన్నెలా పలుకుతుంది.
నెర్రె ఇచ్చింది మాత్రం
జలుబు చేసిన గొంతు.

"కంటికి కనపడదే?" అన్నాను.
"కనపడేదైతే నేనెందుకు?" అంది.
వెంట్రుకంత సందు చాలంట
రెట్ట తడితో పాటు పురుగు లోపలికి పోడానికి.

మరకల గుడ్డుని నీళ్ళలో ముంచబోతే
చేతి మీద ఒక్కటేసింది.
"కడిగితే పైపొర పోద్ది.
అది కోడి వేసిన తాళం."

భైరవపాలెం నుంచి గుల్ల బస్తాలొస్తాయి.
గోదారి సముద్రంలో కలిసే చోట
ఏ జీవమో కట్టుకుని వదిలేసిన ఇల్లు
ఇక్కడ దాణాలో నలిగి
తెల్లారేసరికి మళ్ళీ ఇల్లవుతుంది.
గుల్ల చాలని రాత్రి
కోడి తన ఎముకల్లోంచి తీసి కడుతుందట.
ఆ మాట చెప్పి మోకాలు పట్టుకుని లేచింది,
ఇంకేమీ అనలేదు.

సాయంత్రం దొరబాబు స్కూటరేసుకొచ్చాడు,
నూడుల్స్ బండ్ల కోసం
పగుళ్ళ ట్రేలు సగం ధరకి.
అప్పటికే గోతిలో పోసేసింది.
నిరుడు తోటికోడలి కొడుకు
ఉడికీ ఉడకని ఆమ్లెట్ తిని
మూడ్రోజులు సెలైన్ మీదున్నాడు.

మేస్త్రీ కేకలేశాడు, కూలిలో కోస్తానన్నాడు.
అంగన్‌వాడీ అట్టలు ముందుకి లాక్కుని
ఆమె మళ్ళీ రెండు గుడ్లు చెవి దగ్గర పెట్టింది.
వినపడట్లేదు,
కాసేపు ఊరుకోమంది.