ముప్పై అయిదో నిమిషం

రాత్రి పాళి దిగి ఎనిమిదింటికి ఇంటికొస్త.
నెత్తిల దూది, చెవుల్ల ఇంకా సాంచెల మోత.
కుట్టు కంపెనీ ఆటో కోసం
సుగుణ అప్పటికే గడపల నిలవడి ఉంటది.
బిడ్డను నా చేతుల్ల పెట్టి
"పాలు తాగింది, పండుకోలే" అంటది.
పగటిపూట మా సంసారం ఈ రెండు ముక్కలే.

నాకు నిద్ర కావాలె. దానికీ కావాలె.
ఐదు నెలల మనిషికి
అలిసిపోయిన అని చెప్పరాదు.
నాకు చెప్పవస్తది గని వినెటోళ్ళు లేరు.

టీకాలేసే నర్సమ్మ అన్నది:
"ఏడుపందుకున్నంక ఊపితె ఏం లాభం?
కండ్లు నలిపినప్పుడే, చెవి గుంజుకున్నప్పుడే,
చూపు గోడ మీద ఆగిపోయినప్పుడే
తొట్లెల వెయ్యాలె.
రోజూ ఒక్కటే తీరు, ఒక్కటే యాళ్ల."

ఇగ బుక్కు పెట్టిన.
ఆసామి లెక్కలు రాసుకొమ్మని ఇచ్చిన బుక్కే, వెనక నుంచి.
ముందల ఏ సాంచె మీద ఎన్ని మీటర్లు.
వెనక: తొమ్మిదీ పది, ఆవలింత.
తొమ్మిదీ ఇరవై, తొట్లె.
తొమ్మిదీ యాభై ఎనిమిది, లేచింది.
మరునాడూ గదే.
మూడోనాడు పక్కింటి కుక్కర్ లేపిందనుకున్న.
నాలుగోనాడు కుక్కర్ కూయలే. అయినా లేచింది.

ముప్పై ఎనిమిది నిమిషాలు.
దాని నిద్రకు అక్కడ పోగు తెగుతది.

పోగు తెగుడు నాకు తెలువనిదా?
పద్దెనిమిదేండ్ల సంది అదే పని.
తెగకముందు సన్నగ వణుకుతది,
చూడ నేర్చిన కంటికి కనవడ్తది.
ఐదోనాడు తొట్లె పక్కన కూసున్న.
ముప్పై నాలుగు. పెదవి కదిలింది.
ముప్పై అయిదు. కాలు ఒక్కసారి తన్నింది.
రొమ్ము మీద అరచెయ్యి ఆనిచ్చిన,
బరువెయ్యలే, తియ్యలే.
ఊపిరి తడవడ్డది,
తడవడి, మల్ల అతికింది.
గంటా ఇరవై పండుకున్నది.
నేను గోడకు ఆనుకొని,
చెయ్యి తొట్లెల, మిగిలిన ఒళ్ళంత నేల మీద.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది.
వాడల సాంచెలన్నీ ఒక్కపారి ఆగినై.
ఇద్దరం దిగ్గున లేచినం,
ఒకరి మొఖం ఒకరు చూసుకున్నం.
సప్పుడు లేకుంటె భయపడాలెనని
ఈ సిరిసిల్ల బిడ్డకు ఎవరు చెప్పిన్రో.
భుజానేసుకొని నోటితోనే టకటక టకటక అనుకుంట
అర్రల గంటసేపు తిరిగిన,
కరెంటాఫీసుకు పెట్టిన తిట్లు కూడ
ఆ టకటకలనే కలుపుకుంట.

పదకొండు రోజులకు కుదిరింది.
పొద్దుగాల ఒకటి, ఒంటిగంటకు ఒకటి,
నాలుగింటికి ఓ చిన్న కునుకు.
పన్నెండోనాడు ఆసామి పిలిచిండు:
"భూమేషూ, అంబాదాసు పని ఇడిసిపెట్టిండు.
సోమారం సంది పగటి పాళికి రా."

గంభీరావుపేట నుంచి అమ్మ వచ్చింది,
రెండు చీరలు, బీడీల చాట.
బుక్కు చూపిచ్చిన. చదువరాదాయె.
గడియారం చూపిచ్చిన. "దాన్తోటి నాకేం పని,
అరవై బీడీలయ్యేసరికి లేచి చెయ్యేస్త" అన్నది.
"పొగాకు ఘాటు తగుల్తది, చాట వసారల పెట్టు" అన్న.
ఆమె చెయ్యి పట్టుకొని బిడ్డ రొమ్ము మీద పెట్టి
"ఈడ. మెల్లగ" అన్న.
నా దిక్కు అదోతీరు చూసింది,
నవ్వు పెదవుల్లనే ఆపుకొని.
"ఓరి పిలగా, గీ చెయ్యికి నువ్వు నేర్పుతవా?"

సోమారం. చుట్టూ నాలుగు సాంచెలు.
గోడ గడియారంల తొమ్మిదీ యాభై అయిదు.
ఏ పోగూ తెగకుంటనే
నా కుడిచెయ్యి లేచి, గాలిల ఆనుకొని నిలవడ్డది.
పక్క సాంచెల కాడి పిలగాడు
"ఏమైందన్నా?" అని ఒర్రిండు.
మోతల ఇనవడనట్టు తల ఊపిన.
అంతల మూడో సాంచెల
నిజంగనే పోగు తెగింది.