కత్తెర

మార్కాపురం, కంభం రోడ్డు.
మూడేళ్ల కిందట ఈ బల్ల వెనకే ఒక తప్పు చేశాను.
చీటీలో పాతిక, నా చెయ్యి ఇచ్చింది యాభై.
మనిషి రాయవరం దాటకముందే
స్కూటరేసుకుని వెంటబడి తెచ్చుకున్నా.
ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచి మాత్రల అట్ట పట్టుకుంటే
కత్తెర కాసేపు ఆగుతుంది.
ఏ ముక్కకు తేదీ దక్కినా
రెండోది పేరు పెట్టని బిడ్డ.
కవరు మీద నా చేత్తో రాయాల్సిందే.

వెలిగొండమ్మ వచ్చింది.
పలకల గనిలో ముప్పయ్యేళ్లు రాయి చీల్చిన వేళ్లు
ఇప్పుడు సీసా మూత తిప్పలేవు.
చీటీలో డాక్టరు గీత: వారానికి ఒకటి.
"పదీ ఇయ్యి నాయనా,
మాటిమాటికీ బస్సు డబ్బులు యాడ తెచ్చేది?"

నాలుగే కత్తిరించాను.
"రోజూ ఏసుకుంటే బిరీన తగ్గదా?"
"నొప్పి కాదమ్మా, నువ్వే తగ్గిపోతావు."
నవ్వింది. నేను నవ్వలేదు.

ఆమెకు చదువు రాదు.
కవరు మీది అక్షరాలు నా నిద్ర కోసమే.
"మీ దగ్గర సంత ఎప్పుడు?"
"బేస్తవారం."
"సంతకు సంచి తీసిన పొద్దు ఒకటి.
సంచి తియ్యని పొద్దు ముట్టొద్దు."
"ముట్టను."
మళ్లీ చెప్పించాను. మళ్లీ.
వెనక జ్వరం బిడ్డ తండ్రి విసుక్కున్నాడు,
అతనిదీ న్యాయమే.

ఆమె మెట్లు దిగింది.
ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన ముల్లు ఆరు మీద ఉంది,
పుస్తకంలో రాశాను.
కత్తెర తుడిచి మేకుకు తగిలించాను.

ఇవాళ మంగళవారం.
ఈ రాత్రీ, రేపు రాత్రీ
ఆ కవరు విప్పకూడదు.