లగేజి టికెట్

ముప్ఫై ఆరు ప్రశ్నలు పట్టుకుని
మార్కాపురంలో దిగాను.
ఐదో ప్రశ్న దాకా జైతూన్‌బీయే చెప్పింది:
"ఈడికి మాటల్లేవమ్మా, నన్నడుగు.
ఏం తింటాడో, దేనికి ఉలిక్కిపడతాడో
అన్నీ నాకు తెలుసు."
తెలుసు. ఆ తల్లికి చాలా తెలుసు.
నా కాగితం మీద మాత్రం
పిల్లవాడి గడిలో పిల్లవాడు లేడు.
"స్పందన లేదు" అని రాశాను,
గుండ్రంగా, చక్కటి దస్తూరీతో.

కాశింపీరాకు తొమ్మిదేళ్లు.
పలకల షెడ్డు వెనక
కోసి పారేసిన ముక్కల గుట్ట మీదే
వాడి పొద్దంతా.
రంపం తిరిగితే చెవులు మూసుకుంటాడు.
ఆగిందంటే
ఒక్కో ముక్కా ఎత్తి, గోటితో కొట్టి,
చెవి దగ్గర పెట్టుకుని విని
వరసలో ఎక్కడో ఓచోట పేరుస్తాడు.
సైజు చూసి అనుకున్నాను మొదటి వారం.
రంగు చూసి అనుకున్నాను రెండో వారం.
మూడో వారం కాగితాలు సంచిలో పడేసి
నేనూ గోటితో కొట్టాను.

టింగుమనేవి ఎడమన.
ఠప్పుమనేవి కుడిన.
మధ్యలో గొంతు బొంగురుపోయినవి.
లోపలెక్కడో పగులు, కంటికి ఆనదు.

అప్పుడడిగాను, నోటితో కాదు.
పలక మీద వాళ్ల బడి గీసి
వాడి ముందు పెట్టి కూర్చున్నాను.
చాలాసేపు. మేకలొచ్చి పోయాయి.
బొంగురు ముక్క ఒకటి తెచ్చి బడి మీద పెట్టాడు.
ఇంకొకటి.
ఇంకొకటి.
బడి కనపడకుండా పోయేదాకా.

అమ్మ బొమ్మ మీద
అన్నిటికన్నా సన్నగా మోగేది, ఒక్కటే.
జైతూన్‌బీ దాన్ని కొట్టి చూసుకుంది.
మళ్లీ కొట్టి చూసుకుంది.
లోపల పాలు పొంగిన వాసన వస్తున్నా లేవలేదు.

ఆశకు పోయి నా బొమ్మ కూడా గీశాను.
ఉమ్మి తడితో తుడిచేశాడు.
సరే, అదీ జవాబే. రాసుకున్నాను.

వెళ్లేరోజు గోతం మూతి తెరిచి పట్టుకున్నాను,
ఇస్తావా అన్నట్టు.
ఒక్కోటీ కొట్టి, విని, వేశాడు.
ఒకదాన్ని మాత్రం
మళ్లీ మళ్లీ విని
నిక్కరు జేబులో దాచుకున్నాడు.
అదేమిటని నేను అడగలేదు.

ఒంగోలు బస్సులో కండక్టరు
గోతాన్ని కాలితో కదిపి, కదలక,
"ఏందమ్మా ఇది, రాళ్లా?" అన్నాడు.
"మాటలు" అన్నాను.
ఎగాదిగా చూశాడు.
చేత్తో ఎత్తి చూశాడు.
లగేజి టికెట్టు కొట్టాడు.