లియాండర్ తాళంచెవి

మొదట వైపర్లు.
చుక్క వాన లేని ఆగస్టు మధ్యాహ్నం
ఎండిన అద్దం మీద కిర్రుకిర్రుమంటూ
ఎవరికో వీడ్కోలు చెప్పాయి.
తర్వాత తలుపులు.
తాళం పడ్డం, ఊడ్డం, మళ్లీ పడ్డం,
లోపలెవరో పళ్లు కొరుకుతున్నట్టు.
ఆ పైన రాత్రి మూడింటికి హారన్.

మా పింకర్స్ కోవ్‌లో ఇళ్లు ఇరవై రెండు.
ఇరవై రెండింట్లోనూ దీపాలు వెలిగాయి.
రబ్బరు బూట్లు ఎడంది కుడికి తొడుక్కుని
పరిగెత్తి బ్యాటరీ తీగ పీకితే గానీ
దాని నోరు మూతపడలేదు.

బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయిందన్నాడు డీలరు.
ధర కూడా చెప్పాడు.
ఆ డబ్బుకి ఇరవై పీతల బోనులొస్తాయి.
కౌంటరు కుర్రాడు జాలిపడి గొంతు తగ్గించాడు:
"పాత బండిది దొరుకుతుందేమో చూడండి.
అదే ఏడాది, అదే మోడలు,
నంబరు చివరంకెతో సహా కలవాలి."

కలిసేది ఒక్కటే ఉంది. మా అన్నది.
పడవ ఇంకా ఇద్దరిదీ అయిన రోజుల్లో
ఒకే పూట, ఒకే షోరూములో కొన్నాం.
వాడి బండి మొన్న ఏప్రిల్లో
పొగమంచులో మూస్ దుప్పికి గుద్దుకుంది.
వాడు బతికాడు.
ఈ కబురు నాకు కొట్లో సెలీనా చెప్పింది,
పిండి తూకం వేస్తూ.
పడవ అమ్మిన దగ్గర్నుంచి నాలుగేళ్లు
మా మధ్య మాటల్లేవు.

ఫోను చేసింది నా భార్య వెర్నా. నేను కాదు.

వచ్చాడు. బ్రెడ్డు సంచిలో చుట్టి తెచ్చాడు.
పుస్తకమంత నల్ల పెట్టె.
నేను వెల్లకిలా దూరి
మోకాళ్ల దగ్గరి ప్లాస్టిక్ పలక ఊడదీస్తుంటే
అడక్కుండానే టార్చి పట్టాడు,
పడవ ఇంజను కింద పట్టినట్టే,
కావలసిన చోటుకి ఒక్క క్షణం ముందు.
ఏడు ప్లగ్గులు. ఆరు మర్యాదగా వచ్చాయి.
ఏడోది రాలేదు.
అద్దం మూల నుంచి ఎన్నాళ్లుగా కారిందో ఉప్పునీరు,
మొనల నిండా పచ్చటి చిలుము.
"ఇదీ నీ దయ్యం," అన్నాడు.
అది మాట కింద లెక్కో కాదో తెలియక
నేను బ్రష్ అడిగాను.

వెర్నా కవరు వెనక రాసుకున్న కాగితం ప్రకారం
ఈ పెట్టెకి నా బండి తెలియదు.
నా తాళంచెవి తెలియదు.
దానికి తెలిసింది వాడిదే.
బండి తుక్కయి ఐదు నెలలు,
అయినా వాడి జేబులోంచి అది తేలిగ్గా వచ్చింది.

నా చెవి తిప్పి ఉంచాలి.
వాడి చెవి తల దాని పక్కనే ఆనించి పట్టుకోవాలి.
పది నిమిషాలు. ఆపి, మళ్లీ. మూడు సార్లు.

మొదటి పది నిమిషాలు
వాడి చెయ్యి నా ఒళ్లో మీదుగా చాచి ఉంది.
డీజిలు వాసన, ఎర చేపల వాసన.
బొటనవేలికి గోరు లేదు.
ఆ రోజు వించ్ తిప్పింది నేనే.

రెండో పదిలో అడిగాను, "పెద్దదా దుప్పి?"
"వెనకాల దూడ ఉంది," అన్నాడు.
"రోడ్డు మీదే నిలబడింది.
అంబులెన్సు వచ్చేదాకా నిలబడింది."

మూడో పదిలో వాడి చెయ్యి వణకసాగింది.
మోచేతి కింద నా అరచెయ్యి పెట్టాను.
చెవి కదిలితే మొదటికొస్తుంది కదా మరి.

ఎర్ర దీపం ఆరింది. ఇంజను అందుకుంది.
మీటరు చూస్తే మూడు లక్షల పన్నెండు వేలు!
నావి రెండున్నర కూడా లేవు.
"నీ కిలోమీటర్లన్నీ నా నెత్తినెట్టావు."
"ఊరికే వస్తుందా?" అన్నాడు.

నల్ల టేపుతో వాడి చెవిని
స్టీరింగు కింద అంటించాడు.
"దీనికి నీది నేర్పించుకున్నాక తిరిగివ్వు."
నడిచే వెళ్లాడు.
ఎక్కించుకెళ్తానంటే వద్దన్నాడు.

నేర్పించడానికి డీలరు దగ్గరికి పోవాలి.
తీరిక దొరకలేదు.

నిన్న సెలీనా నిలదీసింది:
"మూడింటికి మోగడం లేదేం?
రెండు రాత్రుల్నుంచి మాత్ర మర్చిపోతున్నా."

రేపు వానంటున్నారు.
వైపర్లు ఏం చేస్తాయో చూడాలి.